సూపర్‌మ్యాన్‌ను పుట్టించాడు.. 130 డాలర్లకే అమ్మేశాడు! జెర్రీ సీగెల్ కథ ఇదీ

ఎర్రటి కేప్, నీలం డ్రెస్, ఛాతీ మీద ఎస్ అక్షరం.. ఫోన్‌లో రీల్ కనిపిస్తే చాలు, చిన్న పిల్లలు కూడా పేరు చెప్పేస్తారు. ఆర్మూర్‌లో అయినా అమెరికాలో అయినా సూపర్‌మ్యాన్‌కు పరిచయం అక్కర్లేదు. మరి ఆ సూపర్‌మ్యాన్‌ను పుట్టించిందెవరు? ఈ ప్రశ్నకు మాత్రం చాలామంది తడుముకుంటారు. దానికో కారణం ఉంది. దాదాపు 27 ఏళ్లపాటు ఆ పేరే పుస్తకాల మీద లేకుండా చేశారు.

ఆయన పేరు జెర్రీ సీగెల్. 1914 అక్టోబర్ 17న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదులు. ఆరుగురు పిల్లల్లో ఇతనే చిన్నవాడు. నాన్నకు బట్టల షాపు. జెర్రీ చదువులో అంతంతమాత్రమే.. కానీ సైన్స్ ఫిక్షన్ పత్రికలంటే పిచ్చి. అంటే ముందు ఆయనే ఒక ఫ్యాన్ అన్నమాట. కథలు రాసి పంపితే తిరిగొచ్చేవి. దాంతో టీనేజ్‌లోనే సొంతంగా టైప్ కొట్టి ఓ చిన్న పత్రిక తెచ్చాడు. గ్లెన్‌విల్ హైస్కూల్‌లో జో షూస్టర్ అనే కుర్రాడు దొరికాడు. ఇతను రాస్తాడు, అతను బొమ్మలేస్తాడు. జోడీ కుదిరింది.

1932 జూన్ 2న ఆ ఇంటి మీద పిడుగు పడింది. షాపులో దొంగలు పడ్డారు. ఆ గొడవలోనే నాన్న గుండె ఆగి చనిపోయారు. అప్పటికి జెర్రీకి 17 ఏళ్లు. సూపర్‌మ్యాన్ అనే మాటతో మొదటి కథ వచ్చింది ఆ తర్వాతే, 1933 జనవరిలో. కానీ అందులో సూపర్‌మ్యాన్ హీరో కాదు, బట్టతల విలన్! కొన్నాళ్లకు ఆలోచన మారింది. తూటా తగిలినా చావని వాడు, దిక్కులేనివాళ్ల కోసం వచ్చేవాడు, వేరే గ్రహం నుంచి వచ్చిన వాడు.. ఇలా హీరో తయారయ్యాడు. నాన్న చావుకూ ఈ హీరోకూ లింక్ ఉందని తర్వాత కొందరు రచయితలు అన్నారు. సీగెల్ మాత్రం ఆ సంగతి బయట మాట్లాడింది లేదనే చెప్పాలి.

నాలుగైదేళ్లు ఏ పత్రికా తీసుకోలేదు. చివరికి 1938 మార్చిలో ఓ కామిక్స్ కంపెనీ ఒప్పుకుంది. 13 పేజీలు, పేజీకి 10 డాలర్లు.. మొత్తం 130 డాలర్లు. ఇద్దరూ సంతకం పెట్టేశారు. ఆ కాగితంతో సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ శాశ్వతంగా కంపెనీకి వెళ్లిపోయాయి.

ఆర్మూర్ రైతుకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ యార్డుకు తోలి, రేటు నచ్చకపోయినా అమ్ముకుని రావడం కొత్త కాదు. కానీ చేను చేతిలోనే ఉంటుంది, వచ్చే ఏడు మళ్లీ విత్తనం వేసుకోవచ్చు. సీగెల్ అమ్మింది పంటను కాదు.. చేనును, విత్తనాన్ని కలిపి రాసిచ్చాడు. అప్పటికి ఆయన వయసు 23.

జూన్ 1938 సంచికగా వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి పుస్తకం వెల 10 సెంట్లు. సూపర్ హిట్! రేడియో, కార్టూన్లు, బొమ్మలు.. డబ్బే డబ్బు. పేజీలు రాసినందుకు ఇద్దరికీ కొన్నేళ్లు మంచి ఆదాయమే వచ్చింది. అసలు లాభాలు మాత్రం కంపెనీవే. 1943లో సీగెల్ సైన్యంలోకి వెళ్లాడు. ఆయన అక్కడుండగానే, ఎప్పుడో తాను చెప్పిన సూపర్‌బాయ్ ఐడియాను కంపెనీ పుస్తకంగా తెచ్చేసింది. దాంతో 1947లో కేసు వేశారు. మరుసటి ఏడాది సుమారు 94 వేల డాలర్లతో రాజీ కుదిరింది. ఆ తర్వాత పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ మాయం!

అదే ఏడాది సీగెల్ పెళ్లి చేసుకుంది ఎవర్నో తెలుసా? హీరోయిన్ లోయిస్ లేన్ బొమ్మకు ఒకప్పుడు మోడల్‌గా నిల్చున్న జోన్‌ను. కష్టకాలంలో ఆమే తోడు. ఇల్లు గడవక సీగెల్ 1959లో మళ్లీ అదే కంపెనీకి రాశాడు, పేరు లేకుండా. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో చిన్న గుమాస్తా ఉద్యోగం. చూపు దెబ్బతిన్న షూస్టర్ పరిస్థితి ఇంకా ఘోరం.

1975లో సూపర్‌మ్యాన్ సినిమా వస్తోందని తెలిసి సీగెల్ పత్రికలకు పెద్ద లేఖ పంపాడు. సినిమా ఫ్లాప్ కావాలని శాపం కూడా పెట్టాడు! కార్టూనిస్టు నీల్ ఆడమ్స్ లాంటి వాళ్లు ముందుకొచ్చారు, టీవీలు అందుకున్నాయి. పరువు పోతుందని కంపెనీ దిగొచ్చింది. ఇద్దరికీ ఏటా 20 వేల డాలర్ల పెన్షన్, పుస్తకాల మీద పేర్లు. 1978లో సినిమా బ్లాక్‌బస్టర్. శాపం ఫలించలేదు, తెర మీద పేరు మాత్రం పడింది.

మనవాళ్లూ ఆగలేదు. 1980లో ఎన్టీఆర్, జయప్రదలతో తెలుగు సూపర్‌మ్యాన్ వచ్చింది. ఇందులో హీరోకు పవర్ ఇచ్చేది క్రిప్టాన్ గ్రహం కాదు, ఆంజనేయుడు! కొండగట్టు అంజన్నకు మొక్కే జనానికి ఇంకే వివరణా అక్కర్లేకపోయింది. ఇంకో సంగతి.. ఎన్టీఆర్ కన్నుమూసింది 1996 జనవరి 18న. సరిగ్గా పది రోజులకు, జనవరి 28న, సీగెల్ పోయాడు. షూస్టర్ నాలుగేళ్ల ముందే 1992లో వెళ్లిపోయాడు.

క్లీవ్‌లాండ్‌లో సీగెల్ పెరిగిన ఇల్లు పాడుబడుతుంటే 2008లో ఫ్యాన్సే ఆన్‌లైన్ వేలం పెట్టి లక్ష డాలర్లకు పైగా పోగుచేసి బాగుచేయించారు. షూస్టర్ ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. అదుండిన వీధి పేరు అమోర్.. వినడానికి మన ఆర్మూర్‌లాగే ఉంటుంది. ఇక ఆ 130 డాలర్లు కూడా కలిసి ఉన్న 412 డాలర్ల చెక్కు? 2012లో వేలంలో అదొక్కటే 1,60,000 డాలర్లు పలికింది. దాని మీద ఇద్దరి పేర్లకూ స్పెల్లింగ్ తప్పే.