పీపాల లెక్క తెలిసిన దుబాసీ: ఆనందరంగపిళ్ళై

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ దగ్గర ఆనందరంగపిళ్ళై ఇల్లు ఇప్పటికీ ఉంది. కింది భాగం చెక్క స్తంభాలతో మన పద్ధతిలో, పైఅంతస్తు తెల్లటి స్తంభాలతో ఫ్రెంచి పద్ధతిలో ఉంటుంది. ఆ ఇంటి యజమాని జీవితం కూడా అలాంటిదే. ఆయన ఫ్రెంచి కంపెనీకి దుబాసీ. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడని అర్థం. కానీ రేవుపట్నంలో మాటలు మార్చి చెప్పగానే పని పూర్తయ్యేది కాదు. డబ్బునీ తూకాలనీ కొలతలనీ చివరికి తేదీలనీ ఒక పద్ధతి నుంచి మరో పద్ధతిలోకి మార్చగలగాలి.

ఆనందరంగపిళ్ళై 1709లో మద్రాసు పక్కన పెరంబూరులో పుట్టాడు. మేనమామ నైనియప్పపిళ్ళై పిలుపు మీద ఆ కుటుంబం పుదుచ్చేరి చేరింది. నైనియప్ప కంపెనీలో పెద్ద దుబాసీ. 1716లో గవర్నరు ఎబేర్ ఆయన మీద నేరాలు మోపి జైల్లో పెట్టించాడు. మరుసటేడు ఆయన జైల్లోనే చనిపోయాడు. అప్పటికి ఆనందరంగడికి ఎనిమిదేళ్ళు. దుబాసీ లెక్కలు ఎంత సరిగ్గా ఉన్నా, పైవాడి దయ తప్పితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలిసింది.

1726లో తండ్రి తిరువేంగడపిళ్ళై పోయాక, గవర్నరు లెన్వార్ ఈ యువకుణ్ణి చేరదీసి పరంగిపేట వర్తకశాలను అప్పగించాడు. ఆర్కాటు, లాలాపేటల్లో ఆయన కొట్లు పెట్టించాడు. యూరప్ సరుకు అక్కడికి పంపి, ఇక్కడి సరుకు తెప్పించేవాడు. తర్వాత ఆనందపురవి అనే సొంత ఓడ కూడా నడిపాడు.

ఆ వ్యాపారంలో కొలతల సంగతి చూడండి. ధాన్యానికి పడి, మరక్కాలు ఉండేవి. మద్రాసు లెక్కలో ఎనిమిది పళ్ళు ఒక మరక్కాలు, నాలుగు వందల మరక్కాళ్ళు ఒక గరిసె. తూకానికి మణుగు, ఇరవై మణుగులకు ఒక బారువ. బట్టలను ఇరవై చొప్పున కోర్జ్ లెక్కన అమ్మేవారు. ఇక యూరప్ ఓడల్లో సారాయిలు పీపాల్లో వచ్చేవి. పీపా అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. కానీ ఊరు మారితే పీపా మారేది.

బోర్డో పీపాను బారిక్ అంటారు. మన లీటర్లలో దాదాపు 225. నాలుగు బారిక్‌లు ఒక తొన్నో, అంటే 900 లీటర్లు. ఓడ ఎంత సరుకు మోయగలదో కూడా ఈ తొన్నోల్లోనే చెప్పేవారు. ఇంగ్లీషువాళ్ళ హాగ్స్‌హెడ్ పీపా 63 వైన్ గ్యాలన్లు. 1707లో స్థిరపడిన ఆ గ్యాలన్ 3.785 లీటర్లు కాబట్టి, పీపా సుమారు 238.5 లీటర్లు. తేడా పీపాకు పదమూడున్నర లీటర్లు. వంద హాగ్స్‌హెడ్లు తీసుకుని వంద బారిక్‌లే అని రాసుకుంటే లెక్కలో ఆరు బోర్డో పీపాలు మాయమవుతాయి. దొంగతనం జరగకపోయినా ఎవరో ఒకరు దొంగ అవుతారు.

రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టే అలవాటు ఆయన దినచర్యలో కనిపిస్తుంది. 1736 సెప్టెంబరు 6న మొదలుపెట్టి పాతికేళ్ళ పాటు తమిళంలో రాశాడు. సంవత్సరం పేరు, తమిళ నెల, తేదీతో పాటు యూరప్ తేదీ కూడా వేసేవాడు. వేళను నాళికల్లో చెప్పేవాడు. నాళిక అంటే మన ఘడియ, 24 నిమిషాలు. ఏ ఓడ వచ్చింది, కోటలో ఎన్ని ఫిరంగులు పేలాయి, ఎవరు ఎవరి మీద చాడీలు చెప్పారు, అన్నీ అందులో ఉంటాయి.

1747లో డూప్లే కాలంలో ఆయన పెద్ద దుబాసీ అయ్యాడు. క్రైస్తవుడు కాని మనిషికి ఆ పదవి దక్కడం డూప్లే భార్యకు ఇష్టం లేదు. అయినా ఆయన ప్రాభవం పెరిగింది. కవులు చుట్టూ చేరారు. తెలుగు కవి కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి ఆనందరంగరాట్ఛందం అని ఆయన పేరే పెట్టాడు. 1754లో డూప్లేను ఫ్రాన్సు వెనక్కి పిలిపించింది. రెండేళ్ళకు ఆనందరంగపిళ్ళై పదవీ పోయింది. ఆరోగ్యం పాడైంది. ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని ముట్టడించి తిండిగింజలు రాకుండా కట్టడి చేస్తున్న రోజుల్లో, 1761 జనవరిలో ఆయన కన్నుమూశాడు. కొద్ది రోజులకే, 16న, నగరం లొంగిపోయింది. గెలిచినవాళ్ళు కోటను నేలమట్టం చేశారు.

దినచర్య మాత్రం మిగిలింది. 1846లో గాలువా మోంబ్రన్ దాన్ని వెలికితీశాడు. 1904 నుంచి 1928 వరకు మద్రాసు ప్రభుత్వం పన్నెండు సంపుటాలుగా ఇంగ్లీషులో అచ్చువేసింది. ఈలోగా కొలతలు మారిపోయాయి. ఫ్రాన్సు 1795లో లీటరును చట్టం చేసింది. 1866లో బోర్డో బారిక్‌ను సరిగ్గా 225 లీటర్లుగా ఖాయపరిచింది. ఇంగ్లండు 1824 చట్టంతో గ్యాలన్‌ను దాదాపు 4.546 లీటర్లకు పెంచింది. పాత వైన్ గ్యాలన్ అమెరికాలో నిలిచిపోయింది. రోజూ వార్తల్లో వినే చమురు బ్యారెల్ ఆ 42 గ్యాలన్లే, అంటే 159 లీటర్లు. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ దారి పట్టింది.

కాబట్టి పద్దెనిమిదో శతాబ్దపు కాగితంలో గ్యాలన్ అని కనిపిస్తే 4.546తో గుణించకూడదు. అలా చేస్తే 63 గ్యాలన్ల పీపా 286 లీటర్లు అయి, అయిదో వంతు ఎక్కువ వస్తుంది. పీపా అని ఉంటే అది ఏ ఊరిది, ఏ ఏటిది అని ముందు అడగాలి. ఆనందరంగపిళ్ళై తన ప్రతి రోజుకీ రెండు తేదీలు వేసింది కూడా, చదివేవాడు ఏ లెక్కవాడైనా పొరబడకూడదనే కాబోలు.