రిసాల్దారు బద్లూ సింగు

ఢిల్లీలోని కరోల్ బాగ్ మీదుగా పడమరకు సాగు దారికి నేటికిని రోహ్‌తక్ పేరే నిలిచియున్నది. ఆ రోహ్‌తక్ సీమలో, ఝజ్జర్‌కు చేరువనున్న ఢాక్లా గ్రామమున 1876లో ఒక జాట్ రైతుకుటుంబమున బద్లూ సింగు జన్మించెను.

అది చాలవఱకు వానను నమ్ముకొన్న మెట్టసీమ. వాన పడిన యేట సజ్జ, జొన్న, శనగ. పడని యేట ఏమియు లేదు. 1899-1900లో వచ్చిన క్షామము విక్రమ శకము 1956వ యేటి పేరిట అచ్చటివారి నోళ్లలో చిరకాలము నిలిచిపోయెను. అట్టి నేలను దున్నువారికి సైన్యపు జీతము రెండవ పంట వంటిది.

బద్లూ సింగు 14వ మర్రేస్ జాట్ లాన్సర్స్ అను అశ్వికదళమున చేరెను. 1857లో అలీగఢ్ ప్రాంతపు జాట్ రైతులను కూర్చి మర్రే యను అధికారి నెలకొల్పిన దళమది. ఆనాటి సిలాదారీ పద్ధతిలో గుఱ్ఱము, జీను, మేత సవారు భారమే. సర్కారిచ్చు జీతములోనుండియే అవన్నియు సాగవలెను. కావున గుఱ్ఱమెక్కుట కూడ ఒక విధమైన సేద్యమే యనవచ్చును. పశువు బాగున్ననే మనుగడ. బద్లూ సింగు క్రమముగా రిసాల్దారు పదవి నందుకొనెను. ఎంత అనుభవమున్నను రిసాల్దారు, నిన్న వచ్చిన ఆంగ్ల యువాధికారికి లోబడవలసినవాడే. విక్టోరియా క్రాసు అను పతకమునకు భారతీయ సైనికులు అర్హులైనదియు 1911లోనే.

మొదటి ప్రపంచయుద్ధమున అతనిని 29వ లాన్సర్స్‌కు జతచేసిరి. డెక్కన్ హార్స్ అని పేరొందిన ఈ దళము 1826 నాటి నిజాము అశ్వికసేననుండి పుట్టినది. బొలారము మన పాఠకులకు తెలిసిన యూరే, ఆ సేనకది ముఖ్య శిబిరము. 1918లో ఆ దళము ఫ్రాన్సునుండి పాలస్తీనాకు తరలెను.

1918 సెప్టెంబరు 23న, యోర్దాను నది పడమటి గట్టున, తుర్కీ సేన నది దాటి తప్పించుకొన యత్నించుచుండగా ఈ దళము దానిపై దుమికెను. దాడి సాగుచుండగా ఎడమవైపున నొక చిన్న గుట్టనుండి గుండ్లు కురిసి సవార్లు కూలుచుండిరి. అచ్చట మెషిన్ గన్నులును, రెండు వందల పదాతులును ఉండిరి. బద్లూ సింగు అది గ్రహించి, సంకోచింపక ఆరుగురిని కూడగట్టుకొని గుట్టపైకి గుఱ్ఱమును దూకించెను. శిఖరమున నొక మెషిన్ గన్నును ఒంటరిగా పట్టుకొనుచుండగా అతనికి ప్రాణాంతకమైన గాయము తగిలెను. కన్ను మూయకమునుపే గన్నులన్నియు, పదాతులందఱును అతనికి లొంగిరి.

ఏడుగురు రెండు వందలమందిని గెలిచిరను లెక్క వినుటకు ఇంపుగనే యుండును. అంతకంటె విలువైన లెక్క వేఱొకటి కలదు: ఆ సాహసమువలన తక్కిన దళమునకు గొప్ప ప్రాణనష్టము తప్పినది. పరప్రభువుల యుద్ధమున మరణించెనని అతనిని తక్కువ చేయుట న్యాయము కాదు. ఆ క్షణమున అతని కన్నులయెదుట ఉన్నది సామ్రాజ్యము కాదు, కూలుచున్న తోడివారు.

ఆనాడే హైఫా నగరమును జోధ్‌పూరు, మైసూరు దళములు పట్టుకొనెను. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకము ఆ రెండింటికిని, హైదరాబాదు దళమునకును చెందినది. అది సంస్థాన సేనలది గావున బద్లూ సింగునకు అందు చోటు లేదు. అతనికి విక్టోరియా క్రాసును 1918 నవంబరులో ప్రకటించిరి. పడినచోటనే దహనము జరిగెను. సమాధి లేనందున సూయెజ్ వద్ద తౌఫీక్ రేవునందలి స్మారకమున అతని పేరు చెక్కిరి. 1967 తరువాతి అరబ్బు-ఇజ్రాయేలు పోరులలో ఆ స్మారకము మిక్కిలి దెబ్బతినగా తుదకు దానిని కూల్చివేసిరి. పిదప ఆ పేర్లను కైరో నగరపు హెలియోపోలిస్ శ్మశానవాటికలో మఱల నెలకొల్పిరి. బద్లూ సింగు పేరును వానిలో నున్నది.