గొలుసుతో దేశాన్ని కొలిచిన లాంబ్టన్

వేసవి సెలవులకు బీర్‌గావ్ నుండి అమ్మమ్మగారి ఊళ్ళకు వెళ్ళే మాలో చాలామందిమి రాయ్‌పూర్‌లో రైలెక్కి నాగపూర్ మీదుగా వెళ్తాం. సేవాగ్రాం దాటాక హింగన్‌ఘాట్ అనే స్టేషన్ వస్తుంది. మన దేశపటానికి పునాది వేసిన విలియం లాంబ్టన్ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. ఆయన విగ్రహం మాత్రం చాలా దూరాన, చెన్నైలోని పరంగిమలై మీద ఉంది. ఛాతీ వరకే ఉన్న చిన్న విగ్రహం అది.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో సామాన్య రైతు కుటుంబంలో పుట్టారు. సైన్యంలో చేరి అమెరికా వెళ్ళారు. అక్కడే చాలా ఏళ్ళు గడిపి, నలభై దాటాక మన దేశానికి వచ్చారు. 1799లో టిప్పు సుల్తానుతో యుద్ధం జరుగుతున్నప్పుడు ఒక రాత్రి ఆయన నక్షత్రాలను చూసి, సేన దారి తప్పి శత్రువు వైపే నడుస్తోందని కనిపెట్టారు.

ఆ యుద్ధంతో కంపెనీ చేతికి ఎంతో నేల వచ్చింది. పన్నులకూ సైన్యాలకూ వాళ్ళకు సరైన పటం కావాలి. తూర్పు తీరం నుండి పడమటి తీరం దాకా త్రిభుజాలుగా కొలుస్తానన్నారు లాంబ్టన్. ఒక భుజం, కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకట్టవచ్చని మనం గణితంలో చదువుకున్నదే. 1802 ఏప్రిల్ 10న పరంగిమలై దగ్గర మొదటి భుజాన్ని 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలవడం మొదలుపెట్టారు. చైనా చక్రవర్తికి కానుకగా తీసుకువెళ్తే ఆయన వద్దన్న గొలుసు అది! సుమారు 12 కిలోమీటర్లకు వారాల తరబడి సమయం పట్టింది. చివరికి మద్రాసు నుండి మంగళూరుకు లెక్క తేలేసరికి, పాత పటాల్లో కంటే దేశం వెడల్పు 40 మైళ్ళు తగ్గిపోయింది.

కోణాలు కొలిచే థియోడొలైటు బరువు సుమారు 500 కిలోలు. 1808లో దాన్ని తంజావూరు పెద్దగుడి గోపురం పైకి లాగుతుంటే తాడు జారింది. పరికరం గోడకు కొట్టుకుని, దాని చక్రం వంకరపోయింది. లాంబ్టన్ గుడారంలో కూర్చుని ఆరు వారాలు కష్టపడి, కొద్దికొద్దిగా దాన్ని సరిచేశారు.

తర్వాత ఆయన మకాం హైదరాబాదుకు మారింది. 1819లో యువ సహాయకుడు జార్జ్ ఎవరెస్టును కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లోకి కొలతకు పంపారు. అక్కడ విషజ్వరం బృందాన్నంతా పట్టుకుంది. జబ్బుపడ్డవారిని హైదరాబాదుకు మోసుకొస్తుంటే దారిలోనే కొందరు చనిపోయారు. జెండాలు మోసినవాళ్ళు, చెట్లు కొట్టినవాళ్ళు, గొలుసు పట్టినవాళ్ళు చాలామంది ఈ దేశం వాళ్ళే. వాళ్ళకు విగ్రహాలు లేవు. మాకు ఇది బాధగానే అనిపించింది.

నాన్నగారికి బదిలీ అయితే మన సామాను కదిలినట్టు, లాంబ్టన్ మకాం కూడా మళ్ళీ కదిలింది. ఈసారి నాగపూరుకు. అప్పటికి ఆయనకు సుమారు 70 ఏళ్ళు, ఆరోగ్యం కూడా బాగాలేదు. 1823 జనవరి 20న దారిలో, హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. పనిని ఎవరెస్టు కొనసాగించారు. తర్వాత ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పెట్టిన పేరు ఆయనదే.

ఈ సెలవుల్లో హింగన్‌ఘాట్ వచ్చినప్పుడు నిద్రపోకుండా కిటికీ దగ్గర కూర్చోవాలని మేమంతా అనుకున్నాం.