హెన్రీ వాట్సన్ ఫాక్సు

దుఃఖము రాని జీవితము లేదు. ధనికునకును దరిద్రునకును, పండితునకును పామరునకును అది వచ్చియే తీరును. అయితే వచ్చిన దుఃఖమును భరించుచు మానవుడు ఏమి చేయునో దానినిబట్టి వాని స్వభావము తెలియును. 19వ శతాబ్దిలో బందరున నివసించిన హెన్రీ వాట్సన్ ఫాక్సు చరిత్రము ఇందుకు నిదర్శనము.

ఫాక్సు 1817లో ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున, డర్హాం మండలములోని వెస్టో గ్రామమున జన్మించెను. రగ్బీ పాఠశాలలో చదివెను. ఆ కాలమున అచట ప్రధానోపాధ్యాయుడు సుప్రసిద్ధుడైన థామస్ ఆర్నాల్డు. విద్యకు శీలమే ప్రాణమని నమ్మిన ఆచార్యుడాయన. పిదప ఫాక్సు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1840లో క్రైస్తవ గురువు అయ్యెను. స్వదేశముననే సుఖముగా జీవించుటకు ఆయనకు అవకాశము లేకపోలేదు. కాని తెలుగుదేశమున మతసేవ చేయ సంకల్పించి, భార్యయగు ఎలిజబెత్తుతోను, రాబర్టు నోబుల్ అను సహచరునితోను 1841లో బయలుదేరి వచ్చెను.

అప్పటి కృష్ణామండలము నేటి పచ్చని సీమ కాదు. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి గాని పూర్తికాలేదు. నందన నామ సంవత్సరపు ఘోరమైన కరవు గడచి అప్పటికి పదేండ్లయినను కాలేదు. అట్టి కాలమున మిత్రులిద్దరును బందరులో నిలిచి, మొదట తెలుగు నేర్చి, పిమ్మట పని పంచుకొనిరి. నోబుల్ 1843లో పాఠశాల స్థాపించెను. అదియే కాలక్రమమున నోబుల్ కళాశాల యయ్యెను. ఫాక్సు పల్లెలకు పోయి, ప్రజలతో వారి భాషలోనే మాటలాడుచు తన మతమును బోధించుచుండెను. ఈ శ్రమవలన ఆయన ఆరోగ్యము చెడెను. నీలగిరులలో కొంతకాలము విశ్రమించి, తిరిగి బందరు చేరి పని సాగించెను.

ఇంతలో ఎలిజబెత్తునకు జబ్బు చేసెను. స్వదేశపు చల్లని గాలికి కోలుకొనునను ఆశతో 1845లో కుటుంబము మద్రాసునకు చేరెను. కాని ఆమె ఇంగ్లండును మరల చూడలేదు. ఓడ మద్రాసు తీరము విడువకమునుపే ఆమె కన్నుమూసెను. అప్పటికి ఫాక్సునకు ఇరువది యెనిమిదేండ్లు. భార్యతో పోదలచిన దూరప్రయాణమును ఆయన తల్లిలేని బిడ్డలతో చేయవలసివచ్చెను. సూయజు కాలువ అప్పటికి లేదు. ఇంగ్లండు ప్రయాణము సులభమైనది కాదు.

క్రైస్తవుల నమ్మకము ప్రకారము మరణము కడపటి వీడ్కోలు కాదు. మృతులు తిరిగి లేతురు, విడిపోయినవారు దేవుని సన్నిధిని కలిసికొందురు. ఈ విశ్వాసము దుఃఖము లేకుండ చేయదు. లాజరు సమాధియొద్ద యేసుక్రీస్తు సైతము కన్నీరు విడిచెనని బైబిలు చెప్పుచున్నది. కన్నీరు దోషము కాదు; ఆశ విడుచుటయే దోషమని ఆ మతము బోధించును. ఫాక్సు ఆ బోధను ఇతరులకు చెప్పినవాడు. ఇప్పుడు దానిని తన జీవితముననే పరీక్షించుకొనవలసివచ్చెను.

ఆయన బిడ్డలను ఇంగ్లండులో తనవారియొద్ద విడిచి, 1846లో మరల తెలుగుదేశమునకు బయలుదేరెను. ఈ త్యాగమును మనము తేలికగా మెచ్చుకొనరాదు. తల్లిని కోల్పోయిన పసివారికి తండ్రి ఎడబాటును తోడయ్యెను. దాని బరువు తండ్రికిని తప్పలేదు. అయినను భార్యతో కలిసి పూనిన పనిని సగములో విడుచుటకు ఆయన మనసు ఒప్పలేదు. ఆమె లేని బందరునకే వచ్చి, మునుపటి పనినే తిరిగి చేపట్టెను.

శరీరము మాత్రము సహకరింపలేదు. 1848లో వ్యాధిగ్రస్తుడై స్వదేశమునకు పోయి, ఆ సంవత్సరము అక్టోబరులోనే ముప్పదియొక యేండ్ల ప్రాయమున పరమపదించెను. ఆయన స్మృత్యర్థము రగ్బీ పాఠశాలవారు నిధి కూర్చి, బందరులోని నోబుల్ పాఠశాలకు రగ్బీ-ఫాక్సు ఉపాధ్యాయపదవిని ఏర్పరచిరి. ఆయన విడిచివచ్చిన బిడ్డలలో ఒకడైన హెన్రీ ఎలియట్ ఫాక్సు పెరిగి పెద్దవాడై, తండ్రిని పంపిన చర్చి మిషనరీ సొసైటీకే 1895లో కార్యదర్శి యయ్యెను.

బాలబాలికలారా! మన మతములు వేరు కావచ్చును. దుఃఖము అందరికిని ఒక్కటియే. ఫాక్సు తన దుఃఖమును మరువలేదు, దాచనూ లేదు. దానిని మోయుచునే తాను చేయవలసిన పని చేసెను. విశ్వాసము ఆయన బరువును దింపలేదు. దానిని మోయు బలమునిచ్చెను.