నాడప్రభువు కెంపేగౌడ: బాలలకు బోధించవలసిన జీవితం

ప్రతి మహానగరానికీ ఒక మూలపురుషుడు ఉంటాడు. బెంగళూరుకు అట్టి మూలపురుషుడు మొదటి కెంపేగౌడ. ఆయన జన్మించినదీ, తొలుత పాలించినదీ యలహంక నాడు. విమానాశ్రయానికి, బస్సు స్టాండుకు, రాజవీధికి ఆయన పేరు పెట్టుకున్నాం. అయినా అనేకమంది బాలలకు ఆయన పరీక్షలో వ్రాయవలసిన ఒక సంవత్సరంగానే మిగిలిపోతున్నాడు. ఆయన తిరిగిన నేలమీదనే చదువుకొనే పిల్లలకు ఆ జీవితం కంటికి కట్టినట్లు తెలియాలి.

యలహంక ప్రభువులు విజయనగర చక్రవర్తుల సామంతులు. వీరి పూర్వులు కంచి ప్రాంతం నుండి ఆవతి గ్రామానికి వలస వచ్చారని సంప్రదాయ కథనం. కంచి, ఆవతి, యలహంక, హంపి పటంలో గుర్తించి గీతతో కలిపితే ఆ వంశ ప్రస్థానం విద్యార్థికి ఒక్క చూపులో బోధపడుతుంది. కెంపేగౌడ 1510 ప్రాంతంలో కెంపనంజేగౌడ కుమారుడుగా జన్మించి, హెసరఘట్ట సమీపంలోని ఐగొండపుర గురుకులంలో విద్యనభ్యసించాడని చెబుతారు. గంగాగౌరీ విలాసమనే తెలుగు యక్షగానం ఆయన పేర ప్రసిద్ధి పొందింది. విజయనగర ఆస్థానంలో తెలుగుకు ఉన్న గౌరవం కన్నడ నాట పాలకుని చేత కూడ తెలుగు రచన చేయించింది. తెలుగు మాధ్యమంలో చదివే బాలలకు ఈ ఒక్క విషయం చాలు, ఆయన తమకు పరాయివాడు కాడని తెలియడానికి.

1537లో అచ్యుతదేవరాయల అనుమతితో ఆయన మట్టికోట కట్టి నూతన నగరానికి శంకుస్థాపన చేశాడు. నాలుగు జతల ఎద్దులను నాగళ్లకు కట్టి నాలుగు దిక్కులకూ తోలించి, ఆ చాళ్ల వెంబడి వీధులు తీర్పించాడని ప్రతీతి. ఈ ఘట్టాన్ని ఉపన్యాసంగా చెప్పడం కంటె ఆవరణలో సున్నంతో గీయించడం మేలు. ఒక బాలునికి అక్కిపేట, మరొకరికి బళేపేట, వేరొకరికి కుంబారపేట, ఇంకొకరికి గాణిగరపేట అప్పగించాలి. బియ్యం, గాజులు, కుండలు, నూనె ఏ వీధిలో దొరికేవో ఆ పేర్లే చెబుతాయి. ఇంతమందికి నీరెక్కడిదన్న ప్రశ్న పిల్లలే వేస్తారు. అప్పుడు ధర్మాంబుధి, కెంపాంబుధి చెరువుల ప్రసక్తి తేవాలి. జీవనది లేని ఎత్తైన నేలమీద వాన నీటిని నిలిపి నగరాన్ని పోషించడం ఆయన దూరదృష్టికి నిదర్శనం. ధర్మాంబుధి గర్భంలో నేడు బస్సు స్టాండు ఉన్నదని వినగానే పిల్లల ముఖాలలో కలిగే ఆశ్చర్యం ఏ పాఠ్యపుస్తకమూ కలిగించలేనిది.

అయితే మహనీయుల చరిత్రలో కథలు చేరడం సహజం. కుందేలు వేటకుక్కను తరిమిన చోట ఆయన నగరం కట్టాడన్నది ఒక కథ. కోటద్వారం నిలవక కూలిపోతుంటే కోడలు లక్ష్మమ్మ ఆత్మార్పణ చేసిందన్నది మరొకటి. నల్లబల్లపై శాసనం, కట్టడం, కథ అని మూడు గడులు గీసి, తెలిసిన ప్రతి విషయాన్నీ తగిన గడిలో వ్రాయించాలి. సుమారు 890 నాటి బేగూరు శాసనంలోనే బెంగళూరు పేరు కనబడుతున్నది కనుక, కెంపేగౌడ నగరాన్ని నిర్మించాడే గాని ఆ పేరును సృష్టించలేదని విద్యార్థి తనంతట తానే గ్రహిస్తాడు. లక్ష్మమ్మ గాథను చెప్పేటప్పుడు త్యాగమని పొగిడి ఊరుకోరాదు. నిండు ప్రాణం బలి కోరే నమ్మకం మంచిదా అని అడగాలి. తన కులంలో స్త్రీల వేళ్లు ఖండించే ఆచారాన్ని మాన్పించిన ఘనత సంప్రదాయం కెంపేగౌడకే ఇస్తున్నది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచితే చక్కని చర్చ సాగుతుంది.

ఆయన జీవితంలో పరాభవమూ ఉన్నది. చక్రవర్తి అనుమతి లేకుండ సొంత నాణేలు ముద్రించాడన్న అభియోగంపై ఆనెగొందిలో సుమారు ఐదేళ్లు చెరలో ఉన్నాడు. పిదప విడుదలై తన సీమను తిరిగి పొందాడు. తరగతిని సభగా మార్చి, కొందరిని సామంతుని పక్షాన, కొందరిని చక్రవర్తి పక్షాన వాదింపజేస్తే, నాణెం వేయడం ఎందుకు అధికార చిహ్నమో పిల్లలకు స్పష్టమవుతుంది. గొప్పవాడు కూడ శిక్ష అనుభవించి మళ్లీ లేవగలడన్న పాఠమూ అందుతుంది.

1569లో ఆయన కన్నుమూశాడు. మాగడి సమీపాన కెంపాపురలో ఆయనదని భావిస్తున్న సమాధి 2015లో వెలుగులోకి వచ్చింది. 2022లో విమానాశ్రయం వద్ద 108 అడుగుల కంచు విగ్రహం వెలసింది. ఆ విగ్రహాన్ని చూడబోయే బిడ్డను తల్లిదండ్రులు ముందుగా ఒక చెరువు గట్టుకు తీసుకుపోవడం మంచిది. అక్కడ ఆ బిడ్డ అడిగే ప్రశ్నలతోనే అసలైన చరిత్ర పాఠం మొదలవుతుంది.