సామాన్య గృహిణి ఫిర్యాదుకు గళమిచ్చిన నటీమణి ప్రియా టెండూల్కర్

దేశమంతటికీ దూరదర్శన్ ఒక్కటే టెలివిజన్‌గా ఉన్న కాలంలో, చేతిలో ఏ అధికారమూ లేని ఒక గృహిణి పాత్ర ద్వారా భారతీయ ప్రేక్షకులకు సుపరిచితురాలైన నటీమణి ప్రియా టెండూల్కర్. 1985లో ప్రసారమైన ‘రజని’ ధారావాహికలో ఆమె పోషించిన పాత్ర పేరు అచిరకాలంలోనే జనవ్యవహారంలోకి ప్రవేశించింది. దుకాణంలో తూకాన్ని, కార్యాలయంలో జాప్యాన్ని, వీధిలో దురుసుతనాన్ని నిలదీసే మహిళను రజని అని పిలవడం ఆనాడు పరిపాటి అయింది. నటిగా, రచయిత్రిగా, వ్యాఖ్యాతగా ఆమె చేసిన కృషి విస్తృతమైనదే అయినా, ఆ ఒక్క పేరు మిగిలిన వాటన్నింటినీ కప్పివేసింది.

ప్రియా టెండూల్కర్ 1954 అక్టోబరు 19న జన్మించారు. తండ్రి విజయ్ టెండూల్కర్ మరాఠీ నాటక రచయితలలో అగ్రగణ్యులు. ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’, ‘సఖారామ్ బైండర్’, ‘ఘాశీరామ్ కొత్వాల్’ నాటకాలతో రంగస్థలాన్ని కుదిపివేసిన ఆయనను భారత ప్రభుత్వం 1984లో పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అటువంటి ఇంట పెరిగిన ప్రియకు బాల్యం నుండే సాహిత్యం, నాటకం, చిత్రలేఖనం పట్ల మక్కువ కలిగింది. గిరీశ్ కర్నాడ్ నాటకం ‘హయవదన’లో బొమ్మ పాత్రతో ఆమె రంగప్రవేశం చేశారు. అయితే నటనే జీవనోపాధి కావడానికి చాలా కాలం పట్టింది. ఐదు నక్షత్రాల హోటలులో రిసెప్షనిస్టుగా, విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా, మోడల్‌గా, టెలివిజన్‌లో వార్తలు చదివే యువతిగా ఆమె పనిచేశారు. పేరున్న తండ్రి కుమార్తె అయినా తన సంపాదనపై తాను నిలబడిన ఈ దశ, తర్వాతి కాలంలో ఆమె కథా రచనకు ముడిసరుకు అయి ఉంటుందనుకోవడం అసమంజసం కాదు. ఆమె మరాఠీ పుస్తకాలలో ఒకదాని పేరు ‘పంచతారాంకిత్’.

ఆమె వెండితెర ప్రవేశానికి తెలుగునేలతో సంబంధం ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగళ్ తొలి కథాచిత్రం ‘అంకుర్’ తెలంగాణ గ్రామీణ జీవితం నేపథ్యంగా, ఆ పరిసరాలలోనే చిత్రీకరింపబడి 1974లో విడుదలైంది. ఉత్తమ నటి, ఉత్తమ నటుడు సహా జాతీయ పురస్కారాలు పొందిన ఈ చిత్రం పేరు చెప్పగానే షబానా ఆజ్మీ, సాధు మెహర్, అనంత్ నాగ్ గుర్తుకు వస్తారు. భూస్వామి కుమారుని భార్య సరూగా కనిపించిన ప్రియను తలచేవారు తక్కువ. బాల్యవివాహమైన సరూ యుక్తవయస్సు వచ్చాక భర్త వద్దకు కాపురానికి వస్తుంది. అప్పటికే ఆ ఇంట పనిచేస్తున్న దళిత మహిళ లక్ష్మి ఉనికి ఆమెకు కంటగింపు అవుతుంది. కులం, పెత్తనం కల్పించిన హద్దులను సరూ ప్రశ్నించదు. వాటి నీడలోనే తన స్థానాన్ని కాపాడుకోజూస్తుంది. పదకొండేళ్ల తర్వాత పక్కింటివారి కష్టాన్ని కూడా తన కష్టంగా భావించి వీధిలోకి వచ్చే రజనిగా దేశం చూసినది కూడా ఈ నటినే. మరుసటి సంవత్సరం వచ్చిన బెనెగళ్ చిత్రం ‘నిశాంత్’ సైతం తెలంగాణ జమీందారీ దౌర్జన్యాల నేపథ్యం కలిగినదే. దానికి చిత్రానువాదం సమకూర్చినవారు విజయ్ టెండూల్కర్ కావడం ప్రస్తావించదగిన విషయం.

‘అంకుర్’ తర్వాత ఆమె కృషి అధికంగా మరాఠీ రంగస్థలంపైన, మరాఠీ చలనచిత్రాలలోను సాగింది. ‘గోంధళాత్ గోంధళ్’, ‘థోర్లీ జావూ’, ‘ముంబయిచా ఫౌజ్‌దార్’ వంటి చిత్రాలలో కథానాయికగా నటించారు. కన్నడంలో శంకర్ నాగ్ దర్శకత్వం వహించిన ‘మించిన ఓట’లో 1980లో ఆమె మరల అనంత్ నాగ్‌తో కలిసి నటించారు. నాటకాలలో ‘కమల’, ‘కన్యాదాన్’, ‘సఖారామ్ బైండర్’, ‘తీ ఫుల్‌రాణీ’ ఆమెకు పేరు తెచ్చాయి. వీటిలో తండ్రి రచించిన ‘కమల’ ఇతివృత్తం పత్రికా రచయితలు నేటికీ ఆలోచింపదగినది. స్త్రీల క్రయవిక్రయాన్ని బయటపెట్టే ఉద్దేశంతో ఒక విలేకరి ఒక గిరిజన మహిళను డబ్బిచ్చి కొని, నగరానికి తెచ్చి విలేకరుల సమావేశంలో నిలబెడతాడు. ఆ వార్త సంచలనం సృష్టిస్తుంది. అయితే తన ఇంటిలో తన స్థానమేమిటన్న ప్రశ్న అతని భార్య మనస్సులో అప్పుడే మొదలవుతుంది.

దూరదర్శన్ 1982లో రంగుల ప్రసారాలను, జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1984 జూలైలో ‘హమ్ లోగ్’తో ప్రాయోజిత ధారావాహికల శకం మొదలైంది. ఆ మరుసటి సంవత్సరమే ‘రజని’ తెరకెక్కింది. ‘రజనీగంధా’, ‘ఛోటీ సీ బాత్’ చిత్రాలతో మధ్యతరగతి జీవితాన్ని సున్నితంగా చిత్రించిన బాసు ఛటర్జీ దీనికి దర్శకులు. రజని భర్తగా నటించినవారు కరణ్ రాజ్‌దాన్. ధారావాహిక రచనలోనూ ఆయన పాలుపంచుకొన్నారు.

కథ నిర్మాణం చాలా సరళమైనది. ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క ఇబ్బంది. వంటగ్యాస్ సరఫరాలో అవకతవకలు, ప్రయాణికులను ఎక్కించుకోని టాక్సీలు, తనది కాదన్నట్లు ముఖం తిప్పుకొనే ఉద్యోగి. వీటిలో ఏదీ పెద్ద నేరం కాదు, పత్రిక మొదటి పుటకు ఎక్కదగిన కుంభకోణమూ కాదు. గ్యాస్ కనెక్షన్‌కు, టెలిఫోనుకు ఏళ్ల తరబడి వేచియుండక తప్పని ఆ రోజులలో, సర్దుకుపోవడమే సంస్కారమని నమ్మిన కుటుంబాలు అనేకం. రజని సర్దుకుపోదు. నిబంధన ఏమిటో అడుగుతుంది, పై అధికారి ఎవరో తెలుసుకొంటుంది, చుట్టుపక్కలవారిని కూడగడుతుంది. ప్రియ ఈ పాత్రను ఉద్రేకంతో కాక స్పష్టమైన ఉచ్చారణతో, తడబాటు లేని చూపుతో పోషించారు. చీరకట్టు, నుదుట బొట్టు, చేతిలో సంచి కలిగిన ఆ రూపం ప్రతి ఇంటిలోను ఉండేదే. సమస్యలన్నీ ఒక్క భాగంలోనే పరిష్కారమై పోవడం అతిశయోక్తి అన్న విమర్శ సమంజసమైనదే. కానీ ప్రేక్షకులు నేర్చుకొన్నది పరిష్కారాన్ని కాదు, ప్రశ్నించే తీరును.

ఆ తీరు కొందరికి రుచించలేదు. టాక్సీ డ్రైవర్ల ప్రవర్తనను చిత్రించిన భాగం ప్రసారమైన పిదప బొంబాయి దూరదర్శన్ కార్యాలయం ఎదుట వందలాది డ్రైవర్లు నిరసన తెలిపారు. వంటగ్యాస్ పంపిణీదారుల నుండి కూడా ఆక్షేపణ వచ్చింది. ఒక కల్పిత గృహిణిపై నిజమైన వృత్తి సంఘాలు వీధికెక్కడం అంతవరకు భారతీయ టెలివిజన్ ఎరుగని విషయం. ప్రభుత్వ ఆధ్వర్యంలోని ప్రసార సంస్థ, ప్రభుత్వ సేవలను సైతం విమర్శించే కార్యక్రమానికి చోటివ్వడం మరింత అరుదైన విషయం.

సరిగ్గా అదే కాలంలో వినియోగదారుల హక్కులపై చట్టపరమైన కదలిక ఆరంభమైంది. ఐక్యరాజ్యసమితి 1985 ఏప్రిల్‌లో వినియోగదారుల పరిరక్షణ మార్గదర్శకాలను ఆమోదించింది. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో మూడంచెల ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ దాని ద్వారా ఏర్పడింది. తొలి సంవత్సరాలలో ఫిర్యాదుకు రుసుము కూడా ఉండేది కాదు. 2019 నాటి కొత్త చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చేవరకు ఆ చట్టమే వినియోగదారునికి అండగా నిలిచింది. ఈ చట్టం ధారావాహిక వలన వచ్చిందనడం సరికాదు; దాని వెనుక వినియోగదారుల సంఘాల దీర్ఘకాల పోరాటం ఉంది. అయితే చట్టం ఇచ్చిన తలుపును తట్టవలసిన వ్యక్తి ఎలా ఉంటారో జనం అంతకు ముందే తెరపై చూసి ఉన్నారు.

విజయం నటికి భారంగానూ పరిణమించింది. ప్రజలు ఆమెను ప్రియగా కాక రజనిగానే గుర్తించారు. ‘స్వయంసిద్ధ’ వంటి ధారావాహికలలోనూ ఆమెకు లభించినది స్వాభిమానం గల మహిళ పాత్రే. 1995 నాటి హిందీ చిత్రం ‘త్రిమూర్తి’లో ఆమె నిజాయితీ గల పోలీసు అధికారిణిగా, తల్లిగా నటించారు. అదే సంవత్సరం ఆరంభమైన హాస్య ధారావాహిక ‘హమ్ పాంచ్’లో మాత్రం ఆమె చిత్రమైన పాత్రను అంగీకరించారు. ఐదుగురు కుమార్తెల తండ్రి అయిన ఆనంద్ మాథుర్‌కు ఆమె మరణించిన మొదటి భార్య. గోడకు వ్రేలాడే పటంలో నుండే భర్తతో మాట్లాడుతుంది, మందలిస్తుంది, ఎత్తిపొడుస్తుంది. వీధులన్నీ తిరిగిన రజనిని ఒక చట్రంలో బిగించిన ఈ వైచిత్రిని ఆస్వాదించి నవ్వించగలగడం ఆమె హాస్య ప్రతిభకు నిదర్శనం. భర్తగా నటించిన అశోక్ సరాఫ్ మరాఠీ చిత్రాల నాటి నుండి ఆమెకు సహనటులు.

ఉపగ్రహ ఛానెళ్లు విస్తరించిన 1990 దశకంలో ఆమె చర్చా కార్యక్రమాల నిర్వాహకురాలిగా కొత్త దశకు శ్రీకారం చుట్టారు. ‘ప్రియా టెండూల్కర్ షో’, ‘జిమ్మేదార్ కౌన్’ కార్యక్రమాలలో సామాజిక సమస్యలపై సామాన్యులను, ప్రముఖులను ఒకే వేదికపైకి తెచ్చి ప్రశ్నించారు. రెండవ కార్యక్రమం పేరుకు బాధ్యులెవరు అని అర్థం. రచయితలు కల్పించిన సంభాషణలు లేకుండా, ఎదుట కూర్చున్నవారి సమాధానాన్ని బట్టి తక్షణం ప్రశ్న సంధించవలసిన ఈ పని పాత్రధారణ కంటే కష్టమైనది. మరాఠీలో ఆమె వెలువరించిన ‘జ్యాచా త్యాచా ప్రశ్న్’, ‘జన్మలేల్యా ప్రత్యేకాలా’ కథా సంపుటాలు పాఠకాదరణ పొందాయి.

కరణ్ రాజ్‌దాన్‌తో 1988లో జరిగిన ఆమె వివాహం 1995లో విడిపోవడంతో ముగిసింది. కొన్నేళ్లపాటు ఆమె రొమ్ము క్యాన్సర్‌తో పోరాడారు. 2002 సెప్టెంబరు 19న ముంబయి ప్రభాదేవిలోని స్వగృహంలో గుండెపోటుతో కన్నుమూశారు. నలభై ఎనిమిదవ జన్మదినానికి అప్పటికి సరిగ్గా నెల రోజుల వ్యవధి ఉంది. అంతకు ముందు సంవత్సరమే కుమారుని కోల్పోయిన విజయ్ టెండూల్కర్‌కు ఇది రెండవ గర్భశోకం. ఆయన 2008 మే 19న పుణెలో మరణించారు.