బోదకాలుకు మందిచ్చిన భీమవరం బిడ్డ

కడియం: తెల్లవారకముందే నర్సరీ మొక్కలకు నీళ్లు పోసేవారికి, మురుగు కాలువల పక్కన కాపురముండేవారికి దోమకాటు కొత్త కాదు. డెల్టా గ్రామాలు బోదకాలును తరతరాలుగా ఎరుగును. ఆ వ్యాధికి నేటికీ వాడే డి.ఇ.సి. మాత్ర వెనుక ఉన్నది గోదావరి బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి, దాన్ని మింగేవారిలో చాలామందికి తెలియదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచిపోతే వెనక్కి తీసుకువచ్చారు. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసులో మూడోసారికి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. వైద్య కళాశాలలో ఖద్దరు కట్టడం తెల్లదొర ఆచార్యునికి కంటగింపయింది. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు సంగ్రహణి జబ్బుతో రోజుల తేడాలో పోయారు. అనపర్తి మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకోగా 1923లో అమెరికా చేరారు. భార్య ఇక్కడే ఉండిపోయారు.

1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు అక్కడి దోమకాటు వల్ల ఫైలేరియా తగిలి తిరిగి వచ్చారు. మందు కోసం వెతికిన సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్‌ను వెలువరించింది. డి.ఇ.సి. అంటే అదే.

అయితే ఈ మందు రక్తంలోని పిల్లపురుగులను చంపుతుందే గాని, ఏనుగు కాలులా లావెక్కిన కాలును మళ్లీ మామూలుగా చేయలేదు. కనుక చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలి మీద ఎర్రని చార, వరిబీజం కనిపించగానే ఆస్పత్రికి వెళ్లాలి. ఏ గుర్తూ లేకుండా పురుగును మోసేవారూ ఉంటారు. పిల్లపురుగులు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి గనుకనే సిబ్బంది పొద్దుపోయాక వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు. నిద్ర చెడగొట్టారని వారిని కసరడం న్యాయం కాదు. మాత్ర వేసుకున్నాక కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. పురుగులు చావడం వల్ల వచ్చేవే అవి. దానికి జడిసి మాత్రలు చూరులో దోపేవారు లేకపోలేదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం ఈ మందు ఇవ్వరాదు.

సుబ్బారావు పర్యవేక్షణలోనే డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. ఆ కుటుంబంలో తరువాత పుట్టిన డాక్సీసైక్లిన్ నేడు స్క్రబ్ టైఫస్‌కు ప్రధాన ఔషధం. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల ఆ జ్వరం వస్తుంది. మన్యం వెళ్లివచ్చిన వారం పది రోజులకో, తోటపని చేశాకో తీవ్ర జ్వరం, తలనొప్పి పట్టుకుంటే చంకల్లో, గజ్జల్లో, నడుము చుట్టూ చుట్టతో కాల్చినట్టు నల్లని పెచ్చు ఉందేమో చూడాలి. అది నొప్పి పెట్టదు గనుక రోగికే తెలియదు. కొందరికి పెచ్చు ఉండనే ఉండదు. ఎక్కడెక్కడ తిరిగివచ్చారో డాక్టరుకు చెప్పితీరాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆరియోమైసిన్ గురించి లోకానికి ప్రకటించిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53వ ఏట అమెరికాలో కన్నుమూశారు. వెళ్లిన పాతికేళ్లలో ఆయన ఒక్కసారి కూడా గోదావరి గట్టుకు తిరిగి రాలేదు.